పద్యం చదివితే ఏమీ అనిపించకపోతే "నా స్పందన" ఎలా రాయాలి?

మీ సమస్య నాకర్థమైనంతవరకు ఇది. డిగ్రీలో తెలుగు సాహిత్యం తీసుకున్నారు. పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం పాఠం అయ్యాక మీ లెక్చరర్ గారు "ఇందులో ఒక పద్యం ఎంచుకుని, అది మీకు వ్యక్తిగతంగా ఏం చెప్పిందో రెండు పేజీలు రాయండి" అన్నారు. మీకు ప్రతిపదార్థం వచ్చు, తాత్పర్యం వచ్చు, గణవిభజన కూడా చేయగలరు. కానీ లోపల ఏమీ కదల్లేదు. అందరూ గొప్ప పద్యాలంటున్నారు కాబట్టి గొప్పవే అయ్యుంటాయి, లోపం నాలో ఉందా, లేక ఏదో ఒకటి కల్పించి రాసేయాలా అని అడిగారు.

కల్పించి మాత్రం రాయకండి. ఇలాంటి పేజీలు ఏళ్ల తరబడి దిద్దుతున్నాను. "ఈ పద్యం ద్వారా కష్టాల్లో దేవుణ్ణి నమ్ముకోవాలని తెలుసుకున్నాను" అనే వాక్యం ప్రతి బ్యాచ్‌లోనూ కట్టలు కట్టలుగా వస్తుంది. రాసినవాళ్లకీ దాని మీద నమ్మకం ఉండదు, దిద్దేవాళ్లకీ ఉండదు. దానికంటే "నాకేమీ అనిపించలేదు" అన్నది చాలా నయం. కాకపోతే అక్కడే ఆగిపోతే రెండు పేజీలు నిండవు. ఏ పద్యం దగ్గర ఏమీ అనిపించలేదు, ఏ పాదం దాకా బాగానే వచ్చి ఎక్కడ విసుగేసింది అని మిమ్మల్ని మీరు కాస్త పట్టి పట్టి అడగాలి.

నా అనుమానం ఏంటంటే, మీరు ఇంతవరకూ స్పందించాలని ప్రయత్నించింది పద్యానికి కాదు, తాత్పర్యానికి. తరగతిలో వరస ఎలాగూ అదే కదా: కవి పరిచయం, సందర్భం, ప్రతిపదార్థం, తాత్పర్యం, అలంకారం. చివరికి చేతిలో మిగిలేది తాత్పర్యం. పరీక్షకు అది కావాలి, నేను కాదనను. కానీ తాత్పర్యాలు చదివి కళ్లు చెమర్చినవాళ్లు ఎవరూ ఉండరు. పద్యాన్ని తాత్పర్యంగా మార్చినప్పుడు ఏం జారిపోయిందో వెతకండి. మీకు సంబంధించినది ఏదైనా ఉంటే అది ఆ జారిపోయినదాంట్లోనే దొరుకుతుంది.

మీ పాఠంలోని పద్యమే తీసుకుందాం.

కలడందురు దీనుల యెడ
గలడందురు పరమయోగి గణముల పాలం
గలడందు రన్నిదిశలను
గలడు కలండనెడువాడు కలడో లేడో

గైడులో తాత్పర్యం దాదాపు ఇలా ఉంటుంది: దీనుల పట్ల ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, అలాంటి భగవంతుడు అసలు ఉన్నాడో లేడో అని గజేంద్రుడు సందేహించాడు. ఇందులో తప్పేమీ లేదు, మార్కులూ వస్తాయి. కానీ "సందేహించాడు" అనగానే పద్యం మూతపడిపోయింది.

ఇప్పుడు తలుపు వేసుకుని ఆ పద్యాన్ని పైకి చదవండి. మొదటి మూడు పాదాల్లో మూడుసార్లు "అందురు" వస్తుంది. ఎవరంటారు? పెద్దలు, శాస్త్రాలు, ఎవరో ఒకరు. ఆ మూడు పాదాల్లో గజేంద్రుడు స్వయంగా చూసింది ఒక్కటీ లేదు, అన్నీ విన్నవే. నాలుగో పాదంలో ఆ "అందురు" మాయమైంది. "కలడు కలండు" అని విన్న మాటనే తనలో తాను తిప్పుకుని, "కలడో లేడో" దగ్గర మొదటిసారి సొంత గొంతుతో మాట్లాడాడు. ఆ మాట్లాడుతున్నవాడి కాలు మొసలి నోట్లో ఉంది. తీరిగ్గా కూర్చుని తర్కం చేస్తున్నవాడు కాదు.

ఇంకో సంగతి కూడా చూడండి. ఈ పద్యం కంటే ముందే "ఎవ్వనిచే జనించు" పద్యంలో అతను శరణు వేడాడు. "లావొక్కింతయు లేదు" అంటూ పూర్తిగా చేతులెత్తేయడం దీని తర్వాత వస్తుంది. అంటే శరణన్నాక కూడా అనుమానం వచ్చింది, అనుమానం వచ్చాక కూడా మళ్లీ పిలిచాడు. పోతన అంతటి భక్తుడు ఆ అనుమానాన్ని దాచేయలేదు. రెండు మొరల మధ్యన, అందరికీ కనబడేలా నిలబెట్టాడు.

ఇక మీ ప్రశ్న మళ్లీ చదువుకోండి. గొప్పదని మాస్టారంటారు, పుస్తకమంటుంది, అందరూ అంటారు, మరి ఆ గొప్పతనం ఉందో లేదో! మీరడిగింది అచ్చం ఆ నాలుగో పాదమే. పాఠానికి బయట ఉందనుకున్న మీ ఇబ్బంది పాఠం మధ్యలోనే ఉంది. ఇక్కడి నుంచి రాయడం మొదలుపెట్టవచ్చు. అది దేవుడి గురించే కానక్కర్లేదు. బాగా చదివితే జీవితం బాగుంటుందంటారు, కాలం గడిస్తే అన్నీ సర్దుకుంటాయంటారు. మీరు విని విని ఉన్నవి, ఇంకా చూడనివి ఏవేం ఉన్నాయో మీకే తెలియాలి.

ఇక్కడ చాలామందికి వచ్చే అనుమానం: అయితే నాకేం తోస్తే అదే అర్థమా? కాదు. దీని గురించి మన ఆలంకారికులు, అంటే కావ్యశాస్త్రం రాసిన పండితులు, వందల ఏళ్ల కిందటే తేల్చిపెట్టారు. మమ్మటుడు కావ్యప్రకాశంలో ఒక చిన్న ఉదాహరణ ఇస్తాడు: "గతోఽస్తమర్కః", అంటే సూర్యుడు అస్తమించాడు. అంతే వాక్యం. అది సేనాపతి చెవిన పడితే శత్రువు మీద విరుచుకుపడే సమయమైందని. ప్రియుణ్ణి కలుసుకోవాల్సినామెకు బయల్దేరమని. పనివాళ్లకు ఇక చాలించమని. పశువులు కాసేవాడికి ఆవుల్ని ఇంటికి తోలమని. సరుకు పరుచుకుని కూర్చున్నవాడికి సర్దుకోమని. వినేవాళ్లు ఎందరో అన్ని అర్థాలు, అన్నీ సరైనవే. కానీ ఆ వాక్యం విని "తెల్లవారింది" అని ఎవరైనా అంటే అది వ్యక్తిగత స్పందన కాదు, సరిగ్గా వినకపోవడం. నేను మార్కులు వేసేటప్పుడు చూసే గీత కూడా ఇదే. మీ సూర్యుడు అస్తమించాడా లేదా అన్నది ముందు చూస్తాను. ఆ తర్వాత మీరు ఆవుల్ని తోలుకెళ్లినా, ప్రియుడి కోసం వెళ్లినా నాకు అభ్యంతరం లేదు.

ఒక విద్యార్థిని రాసిన పేజీ గురించి చెప్తాను, ఎందుకంటే మీరడిగిందానికి అదే సూటిగా పనికొస్తుంది. గజేంద్రమోక్షంలో అందరూ ఎంచుకునేవి "లావొక్కింతయు", "సిరికిం జెప్పడు". ఆ అమ్మాయి ఎవరూ పట్టించుకోని చిన్న పద్యం ఎంచుకుంది:

విశ్వమయత లేమి వినియు నూరకయుండి
రంబుజాసనాదు లడ్డపడక
విశ్వమయుడు విభుడు విష్ణుండు జిష్ణుండు
భక్తియుతున కడ్డపడ దలంచె

గజేంద్రుడి మొర బ్రహ్మ మొదలైనవాళ్లు కూడా విన్నారు. విని ఊరుకున్నారు, అడ్డం పడలేదు. ఎందుకంటే వాళ్లకు విశ్వమంతా నిండి ఉండే లక్షణం లేదు. అది ఉన్న విష్ణువు కదిలాడు. తరగతిలో ఈ పద్యం అర నిమిషంలో అయిపోతుంది, ఎందుకంటే తర్వాతి పద్యాల్లో విష్ణువు వచ్చేస్తున్నాడు, అందరి చూపూ అటే. ఆ అమ్మాయి మాత్రం "వినియు నూరకయుండిరి" దగ్గర ఆగిపోయింది. ఇంట్లో కష్టం వచ్చినప్పుడు బంధువులకు ఫోన్లు చేశారట. ఎవరూ ఫోన్ ఎత్తకుండా లేరు. అందరూ ఎత్తారు, అంతా విన్నారు, అయ్యో అన్నారు, ఊరుకున్నారు. "మొర వినబడకపోవడం కంటే వినబడ్డాక ఊరుకోవడం వేరే సంగతి, పోతనకు ఆ తేడా తెలుసు" అని రాసింది.

ఇంతవరకే అయితే బాగా రాసిన స్పందన అనేవాణ్ణి. ఆమె ఇంకో అడుగు వేసింది. పోతన వాళ్లను తిట్టలేదు, "విశ్వమయత లేమి" అని ఒక కారణం ఇచ్చాడు, వాళ్ల శక్తి అంతవరకే అన్నాడు. ఆ కారణాన్ని ఆమె తన బంధువుల మీద పెట్టి చూసింది. కొందరికి సరిపోయింది, వాళ్ల పరిస్థితీ అంతంత మాత్రమే. ఇంకొందరికి సరిపోలేదు. వాళ్లు చేయగలిగి ఉండీ చేయలేదు. "వీళ్ల గురించి ఈ పద్యం ఏమీ చెప్పడం లేదు" అని నిజాయితీగా రాసి పేజీ ముగించింది. పద్యం తన జీవితానికి ఎంతవరకు అతికిందో, ఎక్కడ అతకలేదో రెండూ రాసింది. నాకు నచ్చింది రెండోది. మీరు కూడా అతకని చోటును దాచకండి.

చేయగలిగి ఉండీ చేయనివాళ్ల గురించి వేరే చోట ఉందని ఆమెకు తిక్కన పద్యం చూపించాను. ఉద్యోగపర్వంలో రాయబారానికి వెళ్లిన కృష్ణుడు కౌరవసభలో అంటాడు:

సారపు ధర్మమున్ విమల సత్యము పాపముచేత బొంకుచే
బారము బొందలేక చెడబారినదైన యవస్థ దక్షు లె
వ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు గాని ధర్మ ని
స్తారకమయ్యు సత్య శుభదాయకమయ్యును దైవముండెడున్

పాపం వల్ల ధర్మం, అబద్ధం వల్ల సత్యం చెడిపోతుంటే, ఆపగల దక్షులు ఉపేక్ష చేస్తే అది వాళ్లకే చేటు, ధర్మాన్ని గట్టెక్కించడానికి దైవం ఎలాగూ ఉంటుంది అని. ఇక్కడ వేలు చూపుతున్నది పాపం చేసినవాడి వైపు కాదు, చూస్తూ కూర్చున్న సమర్థుల వైపు. సభలో ఎవరెవరు కూర్చున్నారో తలుచుకుంటే ఆ మాట ఎవరికి గుచ్చుకుని ఉంటుందో తెలుస్తుంది. ఈ పద్యానికి తరగతిలో సాధారణంగా వచ్చే స్పందన "సమాజంలో అన్యాయాన్ని ప్రశ్నించాలి" అని. అది ఎవరి గురించీ కాని వాక్యం. క్లాసులో ఒకణ్ణి నలుగురూ ఏడిపిస్తుంటే మీరు పక్క బెంచీలో కూర్చుని ఏం చేశారు? మీరు ఆపగలిగే స్థితిలో ఉన్నారా, లేరా? అది రాయడం కష్టం. అందుకే దాన్ని వ్యక్తిగతం అంటున్నాను. మీ గొప్పతనం కనబడే అర్థం చేతికి వెంటనే దొరికిందంటే ఇంకోసారి చదవడం మంచిది.

సందర్భం గురించి కూడా ఒక మాట. "సందర్భసహిత వ్యాఖ్య" అని మార్కుల కోసం రాస్తుంటాం గానీ, సొంత అర్థానికి దారి తీసేది ఎక్కువసార్లు అదే. "గతకాలము మేలు వచ్చు కాలము కంటెన్" అని అందరం వాడేస్తుంటాం, పాత రోజులే బాగుండేవి అనే అర్థంలో. నన్నయ భారతంలో ఈ మాట అన్నది వ్యాసుడు, విన్నది ఆయన తల్లి సత్యవతి. అప్పటికే భర్త శంతనుడు పోయాడు, కొడుకులు చిత్రాంగదుడూ విచిత్రవీర్యుడూ పోయారు, ఇప్పుడు మనుమడు పాండురాజు పోయాడు. ఇన్ని చావులు చూసిన ముసలితల్లితో కొడుకు, ఇకముందు వచ్చేది ఇంతకంటే ఘోరంగా ఉంటుంది, అది చూడ్డానికి ఇక్కడ ఉండకమ్మా అని చెప్తున్నాడు. ఆమె కోడళ్లను వెంటబెట్టుకుని తపోవనానికి వెళ్లిపోతుంది. జరిగిందే ఇంత దారుణం, దాన్ని "మేలు" అంటున్నాడంటే రాబోయేది ఎలాంటిదో! ఎవరు, ఎవరితో, ఏం జరిగాక అన్నారు అనే మూడు ప్రశ్నలు వేసుకుంటే సామెతలా అరిగిపోయిన పాదం కూడా మళ్లీ పదునెక్కుతుంది.

భాష అర్థం కాకపోవడమే అడ్డు అనుకుంటున్నారా? కొంత నిజమే. కానీ అర్థం కాకముందే అందేవి కొన్ని ఉంటాయి. మనుచరిత్రలో పెద్దన రాసిన హిమాలయ వర్ణన చూసి హడలిపోనివాళ్లు లేరు:

అటజని కాంచె భూమిసురు డంబరచుంబి శిరస్సరజ్ఝరీ
పటల ముహుర్ముహుర్లుఠ దభంగ తరంగ మృదంగ నిస్వన
స్ఫుట నటనానుకూల పరిఫుల్ల కలాప కలాపి జాలమున్
గటక చరత్కరేణు కర కంపిత సాలము శీతశైలమున్

నిఘంటువు తీయకుండా నాలుగుసార్లు పైకి చదవండి. "అభంగ తరంగ మృదంగ" దగ్గర నాలుకకు తెలిసిపోతుంది, ఏదో దొర్లుతోందని, మోగుతోందని. ఆ తర్వాత వరస గమనించండి. "అటజని కాంచె" అని చూడడం మొదటే చెప్పేశాడు. ఏం చూశాడో మాత్రం చెప్పడు. ఆకాశాన్ని ముద్దాడే శిఖరాలు, వాటి నుంచి జారే సెలయేళ్లు, వాటి అలల చప్పుడు, ఆ చప్పుడును మృదంగమనుకుని పురివిప్పి ఆడే నెమళ్లు, చరియల్లో తిరిగే ఆడ ఏనుగుల తొండాలు తగిలి ఊగే చెట్లు. చూపు పైనుంచి నీళ్లతో పాటు కిందకు దిగింది. అంతా అయ్యాక ఆఖరి మాట "శీతశైలమున్". ఇల్లు కదలని మనిషి మొదటిసారి అంత పెద్దదాన్ని చూస్తే అలాగే చూస్తాడు, ముక్కలు ముక్కలుగా. మొత్తం కలిపి "కొండ" అనుకోవడం చివర్న జరుగుతుంది. మీరు మొదటిసారి సముద్రాన్నో, మహానగరాన్నో చూసినప్పుడు ఎలా చూశారో గుర్తు తెచ్చుకుని దీంతో పోల్చి రాస్తే సమాసాలు విడగొట్టిన శ్రమ వృథా కాదు.

పెద్దన మీకు కష్టంగా ఉంటే ఇంకొంచెం ముందుకెళ్లండి. ఊళ్లు చూడాలని తహతహలాడిన ప్రవరుడు (పై పద్యంలో కొండను చూసినవాడు ఇతనే), తనను అక్కడికి చేర్చిన పాదలేపం, అంటే కాళ్లకు పూసుకున్న మహిమగల పసరు, మంచుకు కరిగిపోగానే ఇంటికెలా వెళ్లాలిరా దేవుడా అని దారి వెతుక్కుంటాడు. హాస్టల్లో మొదటి వారం గడిపినవాళ్లకు ప్రత్యేకంగా వివరించక్కర్లేదు. దారి అడిగినవాణ్ణి అక్కడ కనబడిన అప్సరస వరూధిని "ఇంతలు కన్నులుండ దెరు వెవ్వరి వేడెదు భూసురేంద్ర" అని ఆటపట్టిస్తుంది. అంతేసి కళ్లుండి దారి ఇంకొకరిని అడుగుతావేంటి అని! క్లాసులో నవ్వు రాకుండా ఈ పద్యం చెప్పినవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. నవ్వొచ్చిందని రాయడం కూడా స్పందనే, అందులో తక్కువేమీ లేదు.

కోపం వచ్చినా అంతే. పాత పద్యాల్లో ఆడవాళ్ల గురించి, కులాల గురించి ఇప్పుడు చదివితే ఒళ్లు మండే మాటలు కొన్ని ఉంటాయి. వాటిని చూసీ చూడనట్టు దాటేసి "కవి గొప్పగా చెప్పాడు" అని రాయక్కర్లేదు. ఏ మాట దగ్గర కోపం వచ్చిందో చూపించి, ఎందుకు వచ్చిందో రాయండి. కవి కాలం వేరు అని ఎలాగూ ఎవరో ఒకరు అంటారు. అది నిజమే, అయితే చదువుతున్నది మీ కాలంలో కదా. రెండూ ఒకే పేజీలో ఉండనివ్వండి.

ఇక రాసే పని. పాఠంలోని పద్యాలన్నీ ఒకే పూటలో చదవకండి. రోజుకు రెండు మూడు పైకి చదవండి, తాత్పర్యం పేజీ మూసిపెట్టి. నాలుక తడబడినచోట, విసుగేసినచోట, ఇదేంటి ఇలా అన్నాడు అనిపించినచోట పెన్సిల్‌తో గీత పెట్టండి. తర్వాత ఆ గీతల్లో ఒక్కటి ఎంచుకోండి, పద్యం మొత్తం కాదు, ఒక్క పాదమో ఒక్క మాటో. దాని గురించి ముందు పద్యంలో ఏముందో అరపేజీ రాయండి, మీ సంగతి ఏమీ కలపకుండా. ఆ అరపేజీ రాసేటప్పుడే మీ సంగతి దానంతటది గుర్తొస్తుంది. రాకపోతే ఇంకో గీత దగ్గరకు వెళ్లండి. కొన్ని పద్యాలు ఈ వయసులో తెరుచుకోవు, కొన్ని ఎప్పటికీ తెరుచుకోవు. "నీతి ఏమనగా" అని మాత్రం రాయొద్దు, ఆ పని శతకకర్తలు మనకేమీ మిగల్చకుండా చేసేశారు.

సొంత విషయాలు ఎంతవరకు రాయాలన్న టెన్షన్ ఉంటే, లెక్చరర్ గారు చదివినా పర్వాలేదనిపించినంతే రాయండి. ఇంటి గుట్టంతా బయటపెడితేనే వ్యక్తిగతం అని ఎవరూ అనలేదు. మిగతాది మీ నోట్సులో ఉంచుకోండి.

ఈ పేజీ అసైన్‌మెంట్ వరకే. సెమిస్టర్ పరీక్షలో తాత్పర్యం అడిగితే తాత్పర్యమే రాయాలి, అక్కడ "కలడో లేడో" మీ జీవితంలోకి ఎలా వచ్చిందో రాస్తే దిద్దేవాళ్లకు చదివే తీరిక ఉండదు. ఇంతకీ "లావొక్కింతయు" పద్యం శార్దూలం, యతి పదమూడో అక్షరం. గణవిభజన వచ్చన్నారు కాబట్టి ఆ మార్కులు పోగొట్టుకోకండి.